పరిశోధకుని పలుకుబడిని కొలుచు విధము
(వార్షిక మహాసభ విద్యాగోష్ఠియందు గావించిన యుపన్యాసము)



మన సంఘ విద్యానిధినుండి కంప్యూటరు శాస్త్రమున పరిశోధన సలుపు యువతీయువకులకు వేతనము లొసగుటకును, ఆ శాస్త్రమున పేరుగాంచిన మనవారి నొకరిని ఏటేట సత్కరించుటకును కొందరు వదాన్యులు పూనుకొనియున్నారు. ఇది మిక్కిలి సంతోషింపదగిన విషయము. అయితే పాత్రుని నిర్ణయించుట యెట్లు? వైద్యునికి రోగులు సాక్షులు. వకీలునకు కక్షిదారులు సాక్షులు. ఇంజనీరు కట్టిన వంతెన కన్నులయెదుట నున్నది. పరిశోధకుడు వ్రాసినదానిని చదివి మంచిచెడ్డలు చెప్పగలవారు లోకమందంతటను కొలదిమందియే యుందురు. కావున కార్యవర్గమువారొక సులభోపాయము నాలోచించి, ఎవ్వని వ్యాసములను ఇతరు లెక్కువమారులు పేర్కొనిరో వానికే యీయవలెనని ముసాయిదా వ్రాసి, దానిపై నా యభిప్రాయమును కోరినారు. ఆ యంకె యెట్లు పుట్టినదో, ఏమి చెప్పునో, ఏమి చెప్పజాలదో మనవి చేసికొందును.

కార్యవర్గమువారి మనోగతమును నే నెరుగనివాడను గాను. అంకెనుబట్టి యిచ్చినచో "ఫలానావారి మేనల్లుడు గనుక నిచ్చిరి" యను నింద తప్పును. మనవంటి సంఘములలో నిట్టి నింద యెన్ని కలతలకు దారితీయునో పెద్దలందరికిని తెలిసినదే. అంతియగాక, సిఫారసు చేయువారెవ్వరును లేని పల్లెటూరి బిడ్డకు ఆ యంకెయే యొక యండ. లోకము వాని వ్యాసమును చదివినదనుటకు అది సాక్ష్యము. కావున దానిని త్రోసివేయవలెనని చెప్పుటకు నేను రాలేదు. సాక్షిని బోనెక్కించినపిమ్మట అడ్డుప్రశ్నలు వేయక తీర్పు చెప్పరాదని మాత్రమే నా మనవి.

పూర్వుల మాటను ప్రమాణముగా చూపుట మనకు క్రొత్తగాదు. మెదకు ప్రాంతమునకు చెందిన కోలాచల మల్లినాథసూరి కాళిదాసాదుల కావ్యములకు వ్యాఖ్యానము వ్రాయుచు, మూలములేనిదేదియు వ్రాయనని ప్రతిజ్ఞ చేసి, మాటమాటకు కోశమునో వ్యాకరణమునో చూపినాడు. మన లాక్షణికులు లక్షణము చెప్పి, వెంటనే పూర్వకవి ప్రయోగము నుదాహరించుట యాచారము. మడికి సింగన తన సకలనీతిసమ్మతమున పూర్వగ్రంథములనుండి పద్యము లెత్తి కూర్చినందుననే నేడు లభింపని కొన్ని నీతిగ్రంథముల రుచి మనకు తెలిసినది. నేటి పరిశోధకుడును ఆ విధముగనే తాను ఎవ్వరెవ్వరి పనిపై నాధారపడెనో ఆ వ్యాసముల పట్టికను తన వ్యాసము చివర నిచ్చును. దీనిని ఇంగ్లీషున సైటేషన్ అందురు, మనము ఉల్లేఖనమందము. ఒకని వ్యాసమును తరువాతివారు ఎన్నిమారు లుల్లేఖించిరో లెక్కించినచో, వాని పని యెంతదూరము ప్రాకినదో కొంత తెలియును.

ఈ లెక్కకు త్రోవ చూపినవారు న్యాయవాదులను సంగతి యీ సభయందలి వకీళ్లకు ప్రీతికరముగా నుండవచ్చును. అమెరికాలో ఇల్లినాయి రాష్ట్రమున ఫ్రాంక్ షెపర్డ్ అను నాతడు, ఒక తీర్పును తరువాతి తీర్పులలో ఎక్కడెక్కడ పేర్కొనిరో తెలుపు పట్టికలను 1873లో ప్రకటింప నారంభించెను. జిగురుపూసిన చీటీలుగా ముద్రించి, వకీళ్లు తమ పుస్తకముల యంచులలో నంటించుకొనునట్లు చేసెను. ఈ పద్ధతిని చూచి యూజీన్ గార్ఫీల్డ్ అను నాతడు శాస్త్రవ్యాసములకును ఇట్టి సూచిక యుండవలెనని 1955లో 'సైన్స్' పత్రికయందు వ్రాసి, ఫిలడెల్ఫియాలో నొక సంస్థను స్థాపించి, 1964లో 'సైన్స్ సైటేషన్ ఇండెక్స్' అను సూచికను వెలువరించెను. ఆయన మొదట దానిని తలపెట్టినది సంబంధించిన వ్యాసములను వెదకుటకే; మనుష్యులకు వరుసలు కట్టుటకు కాదు. షెపర్డు పరంపరలోని పట్టికలయందు, ఆ తీర్పును తరువాతివా రనుసరించిరా, కొట్టివేసిరా యను గుర్తులును చేరినవి. శాస్త్రవ్యాసముల లెక్కలో ఆ గుర్తులు లేవు. "ఈతని సిద్ధాంతము పొరపాటు" అని యుల్లేఖించినను ఒకటే, "ఈతడే మాకు దారిచూపినవాడు" అని యుల్లేఖించినను ఒకటే. కొట్టివేయబడిన తీర్పును గెలిచిన తీర్పుతో సమానముగా నెంచు కోర్టును మన వకీళ్లు ఊహింపగలరా?

మొత్తము ఉల్లేఖనములను కూడినచో, ఒక్క వ్యాసము గొప్పదై తక్కినవి వట్టివైనను అంకె పెద్దదగును. వ్యాసములను మాత్రమే లెక్కించినచో, ఎవరును చదువని వందపత్రములు వ్రాసినవాడు మిన్న యగును. ఈ రెంటికిని మధ్యస్థముగా, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు సాన్ డియెగో శాఖలో భౌతికశాస్త్రాచార్యుడగు హోర్హే హిర్ష్ 2005లో నొక కొలతను ప్రతిపాదించెను. దానిని హెచ్-ఇండెక్స్ అందురు. లెక్క సులభము. ఒకని వ్యాసము లారింటికి వరుసగా 40, 22, 9, 5, 4, 1 ఉల్లేఖనములు వచ్చినవనుకొందము. నాలుగు వ్యాసములకు నాలుగేసికి తక్కువగాకుండ వచ్చినవి. అయిదింటికి అయిదేసి రాలేదు. కావున వాని హెచ్-ఇండెక్స్ 4. మొదటి వ్యాసమునకు 40 బదులు 40,000 వచ్చినను ఆ 4 మారదు! గొప్ప పని యొక్కటే చేసి యూరకున్నవానికి ఈ కొలతలో దక్కునది 1 మాత్రమే. ఈ కొలతను కనిపెట్టిన హిర్షే, దీనివలన తాను తలపని దుష్ఫలితములు కలుగగలవని 2020లో వ్రాసినాడు.

ఇక కంప్యూటరు శాస్త్రమునకు ప్రత్యేకమైన చిక్కొకటి కలదు. తక్కిన శాస్త్రములలో వ్యాసము పత్రికలో వెలువడుట ఘనత. ఈ శాస్త్రమున, ముఖ్యముగా కొన్ని శాఖలలో, పరీక్షకులు వడపోసి యంగీకరించిన సమావేశపత్రమే ఘనత. దానిని మరల పత్రికకు పంపక యూరకుండువారు పెక్కురు. కృత్రిమ మేధయందు నేటి మాటలాడు యంత్రముల కన్నిటికిని పునాదియైన "అటెన్షన్ ఈజ్ ఆల్ యు నీడ్" అను వ్యాసము 2017లో నొక సమావేశముననే వెలువడినది. పత్రికలను మాత్రమే లెక్కించు చిట్టాయందు ఇట్టి పని కనబడనే కనబడదు. జర్మనీలోని ట్రియర్ విశ్వవిద్యాలయమున 1993లో మొదలైన డి.బి.ఎల్.పి. అను పట్టిక సమావేశపత్రములను గూడ చేర్చుకొని యీ లోపమును చాలవరకు తీర్చినది. కాని యది వ్యాసములను, వ్రాసినవారిని తెలుపునేగాని ముఖ్యముగా ఉల్లేఖనములను లెక్కించుటకు పుట్టినది కాదు. 2004లో వచ్చిన గూగుల్ స్కాలర్ దొరికిన ప్రతి కాగితమును లెక్కించును. కావున ఒకే మనుష్యునికి మూడు చిట్టాలలో మూడంకెలుండుట సహజము. ముసాయిదాలో "ఉల్లేఖనముల సంఖ్య" యని వ్రాసినారేగాని యే చిట్టాలోనిదో వ్రాయలేదు. దరఖాస్తుదారు డెవ్వడైనను అన్నిటికంటె పెద్ద యంకెనే తెచ్చును; అది వాని తప్పుగాదు.

మన తెలుగువారి పేర్లవలన గలుగు చిక్కు దీనికంటె విచిత్రమైనది. మనము ఇంటిపేరును ముందు చేర్చి, దానిని ఒక్క యక్షరమునకు కుదింతుము. దొరలు ఇంటిపేరును చివర నుంతురు. పట్టికలు వ్రాయు యంత్రము లీ భేద మెరుగవు. ఒక శ్రీనివాసరావు ఒక వ్యాసమున కె. శ్రీనివాసరావుగాను, వేరొకదానిలో శ్రీనివాసరావు కె. గాను, ఇంకొకదానిలో రావు కె. ఎస్. గాను అచ్చగుచు, ముగ్గురు మనుష్యులై కూర్చుండును. మరియొకచో ముగ్గురు శ్రీనివాసరావులు ఒక్కడై, ఒకరి కీర్తి యొకరికి సంక్రమించును. మన యాడుబిడ్డలకు కష్టము మరింత హెచ్చు. వివాహమునకు ముందు ఒక యింటిపేరుతో వ్రాసి, తరువాత వేరొక యింటిపేరుతో వ్రాసినచో, వారి సగము పని యెవరిదో తెలియని యనాథధనమగును. 2012లో మొదలైన ఆర్కిడ్ అను ఏర్పాటువలన ప్రతి పరిశోధకునికిని 16 స్థానముల గుర్తుసంఖ్య యుచితముగా దొరకును. మన విద్యార్థులందరును మొదటి వ్యాసము వ్రాయకపూర్వమే దానిని తీసికొని, తమ పేరును ఎల్లప్పుడు ఒకే విధముగా వ్రాయుట నేర్చుకొనవలెను. ఇది స్వల్పమైన పనివలె దోచును. నా యెరుకలో దీనివలన గలుగు మేలు స్వల్పము కాదు.

శాఖాభేదమును, కాలభేదమును గూడ నిచట చెప్పవలసియున్నది. 2002లో కాన్పూరు ఐ.ఐ.టి.యందు మణీంద్ర అగ్రవాల్ అను నాచార్యుడును, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా యను శిష్యులిద్దరును కలిసి, ఒక సంఖ్య ప్రధానసంఖ్యయా కాదా యని నిశ్చయముగా, త్వరితగతిని తేల్చు విధానమును కనుగొనిరి. అట్టిది సాధ్యమా యను ప్రశ్న చిరకాలముగా నపరిష్కృతమై యుండినది. 2004లో వారి వ్యాసము 'ఆనల్స్ ఆఫ్ మ్యాథమాటిక్స్'లో వెలువడినది. 2006లో వారికి గోడెల్ బహుమానము లభించినది. పైని పేర్కొనిన 2017 నాటి వ్యాసమునకు లక్షకు మించి ఉల్లేఖనములు వచ్చియుండగా, కాన్పూరు వ్యాసమునకు వచ్చినవి అందులో కడు చిన్న భాగము. అంతమాత్రమున నిది తక్కువ పని యనగలమా? కృత్రిమ మేధలో నేడు వ్రాయువారు వేలకొలది. సంఖ్యాసిద్ధాంతపు గణనపద్ధతులపై వ్రాయువారు కొలదిమంది. సంత పెద్దదైనచోట కేక పెద్దదగును. కాలమునకు సంగతి యిది: హాక్‌రైటర్, ష్మిడ్‌హూబర్ అనువారు 1997లో ప్రకటించిన దీర్ఘస్మృతి విధానము పెక్కేండ్లు కొలదిమందికే తెలిసియుండి, 2010 దాటినపిమ్మట మాటను గుర్తించు యంత్రములలోను, భాషాంతరీకరణ యంత్రములలోను వాడుకకు వచ్చి విస్తారముగా ఉల్లేఖింపబడినది. 1999లో నే సంఘమువారైనను అంకెనుబట్టి హాక్‌రైటరునకు వేతన మీయజూచినచో, రిక్తహస్తములతో పంపియుందురు. మనము వేతనమీయబోవునది ఇరువదియయిదేండ్ల పిల్లలకు! వారి వ్యాసమును చదివి, దానిపై పనిచేసి, మరల వ్రాసి యచ్చొత్తించుటకు ఇతరులకు కాలము పట్టదా?

సహకారము సంగతి మరియు సూక్ష్మమైనది. కాన్పూరు వ్యాసముపై మొదట అగ్రవాల్ పేరున్నది. అది యక్షరక్రమమేగాని ఆధిక్యక్రమము కాదు. ఆ శాఖలో నదియే యాచారము. 2017 నాటి వ్యాసము వ్రాసినవా రెనమండుగురు. మొదటి పేరు ఆశీష్ వాస్వానీది. అందరి పాలు సమానమనియు, పేర్ల వరుస యాదృచ్ఛికమనియు వారే యడుగున వ్రాసికొనిరి. కొన్ని శాఖలలో మొదటి పేరు పని చేసిన విద్యార్థిది, చివరి పేరు ప్రయోగశాలాధిపతిది. కొన్నిచోట్ల ధనమో యంత్రమో యిచ్చినందులకే పేరు చేరుచుండును. చిట్టా మాత్రము ఎనమండుగురకును ఒక్కొక్కటి పూర్తిగా జమకట్టును. ఉమ్మడికుటుంబపు పొలమును ప్రతి యన్నదమ్ముడును పూర్తిగా తనదేయని కరణమువద్ద వ్రాయించుకొనినట్లున్న దీ లెక్క.

అయినను సహకారమును వట్టి లోపముగా నెంచరాదు. హంగేరీదేశపు గణితజ్ఞుడు పాల్ ఎర్డోష్, 1913లో పుట్టి 1996లో గతించువరకు ఊరూర తిరుగుచు, అయిదువందలకు పైబడిన సహకర్తలతో గూడి సుమారు 1,500 వ్యాసములు వ్రాసినాడు. ఆయనతో వ్రాసినవారికి 1, వారితో వ్రాసినవారికి 2 అని గణితజ్ఞులు వినోదముగా వరుసలు కట్టుకొందురు, మన చుట్టరికములవంటిదే. మార్క్ న్యూమన్ అను భౌతికశాస్త్రజ్ఞుడు 2001లో ఇట్టి సహకారజాలములను పరిశీలించి, తన లెక్కకు దొరికిన కంప్యూటరు శాస్త్రజ్ఞునికి సగటున నలుగురు సహకర్తలైనను లేరనియు, కణభౌతికమున ప్రయోగములు గూడ చేరిన యొక పట్టికలో ఆ సగటు 173 అనియు చూపినాడు. ఏ శాఖవానిని ఏ శాఖవానితో పోల్చుచున్నామో తెలియక పోల్చుట యెంత ప్రమాదమో దీనివలన తెలియును. సహకర్తల పట్టికనుండి నేను తెలిసికొనగోరునది వేరు. ఈతడు గురువుగారి చాటుననే యున్నాడా, గురువు లేకుండ నొక్కటియైనను వ్రాసినాడా? వేరొక యూరివారు, వేరొక దేశమువారు ఈతనిని పిలిచి పనిచేయించుకొనిరా? ఒకమారు కలిసి పనిచేసినవారు రెండవమారు కలిసిరా? ఈ ప్రశ్నలకు అంకె బదులీయదు. పేర్లు చదివినచో బదులు దొరకును.

అంకెలకు బహుమానము కట్టినచో అంకెలు పండింపబడును. గ్రెనోబుల్ నగరమున కంప్యూటరు శాస్త్రాచార్యుడగు సిరిల్ లాబే 2010లో నొక చమత్కారము చేసినాడు. అమెరికాలో ఎం.ఐ.టి. విద్యార్థులు 2005లో అర్థములేని శాస్త్రవ్యాసములను దానంతట నదియే యల్లు నొక ప్రోగ్రాము వ్రాసియుండిరి. లాబే దానితో నూరు వ్యాసములవరకు పుట్టించి, అన్నిటికిని ఐక్ ఆంట్‌కేర్ అను లేని మనుష్యుని కర్తగా నిలిపి, ఒకదాని నొకటి ఉల్లేఖించుకొనునట్లు కూర్చినాడు. గూగుల్ స్కాలర్ వాని నన్నిటిని లెక్కించి, ఆ లేని మనుష్యునికి 94 హెచ్-ఇండెక్స్ కట్టినది! నిజముగా జీవించియున్న మహాపండితులు పెక్కురు వానికంటె వెనుకబడిరి. ఆ పేరును ఇంగ్లీషున త్వరగా పలికినచో "నాకు లెక్కలేదు" అను నర్థము స్ఫురించును. మన దేశమున 2010లో విశ్వవిద్యాలయ నిధుల సంఘమువారు అధ్యాపకుల యున్నతికి వ్యాసములనుబట్టి మార్కులు వేయు పద్ధతిని పెట్టినపిమ్మట, రుసుము పుచ్చుకొని దేనినైనను అచ్చొత్తు పత్రికలు పుట్టగొడుగులవలె మొలచిన సంగతి కళాశాలలలోనున్న మనవారికందరికిని తెలియును. డాక్టరేటు విద్యార్థులు తప్పక వ్యాసము ప్రకటింపవలెనను నిబంధనను ఆ సంఘమువారే 2022లో తొలగించిరి. పరస్పరము ఉల్లేఖించుకొను ముఠాలును గలవు. మన సంఘపు బంగారు పతకము వట్టి యంకెకే కట్టుబడినచో, మన పిల్లలకు మనమే యా విద్య నేర్పినవార మగుదుము.

ఎవరు ఉల్లేఖించిరను దానినిబట్టి విలువ కట్టుట మేలని 1976లోనే పిన్‌స్కీ, నారిన్ అనువారు సూచించిరి. గొప్ప పత్రిక యుల్లేఖించినచో నెక్కువ, చిన్న పత్రిక యుల్లేఖించినచో తక్కువ. ఇట్టి యూహయే 1998లో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ అనువారి వెదకుయంత్రమునకు ప్రాణమై, గూగుల్ అను పేర మన యిండ్లలోనికి వచ్చినది. ఇది మెరుగైన లెక్కయే. కాని లెక్కకు అందని పనిని ఇదియును అందుకొనలేదు. 1989లో టిమ్ బెర్నర్స్-లీ జెనీవాయందలి పరిశోధనాలయమున వెబ్ కై వ్రాసియిచ్చినది పైయధికారులకు పంపిన ప్రతిపాదన. 1991లో హెల్సింకీ విద్యార్థియగు లినస్ టోర్వాల్డ్స్ లోకమునకిచ్చిన లినక్స్ ప్రోగ్రామేగాని వ్యాసము కాదు. ప్రతిదినము కోట్లమంది వాడుచున్నను, వాడుక ఉల్లేఖనముగా జమపడదు.

మన తెలుగుసీమవారి యుదాహరణమునే తీసికొందము. చిత్తూరు మండలమున కాటూరు గ్రామమున 1937లో జన్మించిన రాజ్ రెడ్డిగారు గిండీ కళాశాలలో చదివి, ఆస్ట్రేలియా మీదుగా స్టాన్‌ఫర్డు చేరి, 1966లో అచట డాక్టరేటు పొంది, తరువాత కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున, మనుష్యుని మాటను యంత్రము గుర్తించుటపై దశాబ్దములు కృషి చేసిరి. 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కూడ ట్యూరింగ్ పురస్కారమును పొందిరి. ఆయన ఉల్లేఖనముల అంకె యెంతయని వెదకుటకంటె, ఆయన శిష్యులెవ్వరని యడుగుడు. జేమ్స్ బేకర్ ఆయనవద్ద చదివినవాడు. భార్య జానెట్ బేకర్‌తో గూడి 1982లో మాటను వ్రాతగా మార్చు ప్రోగ్రాములకై డ్రాగన్ సంస్థను నెలకొల్పినాడు. కై-ఫూ లీ ఆయన శిష్యుడై 1988లో, ఎవ్వరి గొంతునైనను, ఆగి యాగి పలుకకున్నను గుర్తించు స్ఫింక్స్ అను విధానమును నిర్మించినాడు. గురువు పేరు లేని శిష్యుల వ్యాసములలోను గురువు పాలున్నది. ఏ చిట్టా దానిని గురువునకు జమకట్టదు. నూజివీడు, ఇడుపులపాయ, బాసరలలో పల్లెటూరి విద్యార్థులకై 2008లో స్థాపింపబడిన రాజీవ్ గాంధీ విజ్ఞాన సాంకేతిక విశ్వవిద్యాలయమునకు ఆయన మొదటి కులపతి. దానిని ఏ యంకెలో చేర్తురు?

ఇక ముసాయిదా సంగతి. వేతనము కోరు ప్రతి విద్యార్థియు తన పనిలో మేలైనవని తాను నమ్మిన రెండింటిని, వ్యాసమైనను ప్రోగ్రామైనను, పంపవలెను. ఆ పని యేమో, అందు తన పాలెంతయో, ఒక్క పుటలో తెలుగున వ్రాయవలెను. ధనమిచ్చు పెద్దలకు తాము దేనికి ధనమిచ్చుచున్నారో తెలియుట న్యాయము. ఉల్లేఖనముల యంకెను వ్రాయవచ్చును, కాని యే చిట్టాలోనిదో, ఏ తేదీనాటిదో వ్రాసి, తన్ను తా నుల్లేఖించుకొనినవి తీసివేసి వ్రాయవలెను. ఆ రెండు పనులను అదే శాఖకు చెందిన యిద్దరు చదివి యభిప్రాయమీయవలెను. ఆ యిద్దరును మన సంఘమువారు కాకుండుటయే మేలు. గడచిన అయిదేండ్లలో దరఖాస్తుదారునితో కలిసి వ్రాసినవారు కాకూడదు. డి.బి.ఎల్.పి. పట్టికలో సహకర్తల పేర్లు చూచినచో అది గడియలో తేలును. మేనల్లుని నింద దీనివలనను తప్పును. పెద్దల సత్కారమునకు శిష్యుల పట్టికను గూడ తెప్పించుకొనవలెను.

చదివి పరీక్షించువారికి గౌరవవేతన మీయక తప్పదు. నేటి ముసాయిదాలో దానికి పద్దు లేదు. బంగారు పతకమునకు కేటాయించిన ధనములో కొంత తగ్గించియైనను, లేక వదాన్యు లెవ్వరైనను వేరుగ నొసగియైనను ఆ పద్దును ఏర్పరచవలెనని కార్యవర్గమువారిని వేడుచున్నాను. రేపటి సర్వసభ్యసమావేశమున తీర్మానము చర్చకు వచ్చునపుడు ఈ సవరణలను ప్రతిపాదించుటకు అధ్యక్షులవారు నాకు ననుజ్ఞ దయచేసియున్నారు.